నెట్టింట నవ్వుకు ముప్ఫై ఏళ్లు

1995 ఆగస్టులో తెలుగునాట చూపులన్నీ హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దిగువనున్న వైస్రాయ్ హోటల్ మీదే ఉన్నాయి. ఏ ఎమ్మెల్యే అటు, ఏ ఎమ్మెల్యే ఇటు అన్న లెక్కలు గంటకో తీరుగా మారుతుండగానే ఎన్టీ రామారావు పదవి పోయింది, సెప్టెంబర్ 1న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. అదే ఆగస్టు 15న, ఎర్రకోట మీద జెండా ఎగిరిన రోజునే, విదేశ్ సంచార్ నిగమ్ లిమిటెడ్ సంస్థ ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో మామూలు జనానికి ఇంటర్నెట్ కనెక్షన్లు ఇవ్వడం మొదలుపెట్టింది. వైస్రాయ్ సందడిలో ఆ కబురు ఇక్కడ ఎంతమంది చెవిన పడిందన్నది అనుమానమే. హైదరాబాద్ ఆ తొలి జాబితాలోనే లేదు. టెలిఫోన్ తీగ మీద గరగరమంటూ సెకనుకు 9.6 కిలోబిట్ల వేగంతో నత్తనడక నడిచిన ఆ సదుపాయానికి ఏడాదికి వేల రూపాయలు కట్టాలి. ఒక పార్టీని తలకిందులు చేసిన ఘట్టానికీ, పార్టీలన్నింటి నడకనూ మార్చబోయిన తీగకూ 2025 ఆగస్టుతో ముప్ఫై ఏళ్లు నిండాయి.

వైస్రాయ్ ఘట్టం ఇవాళ జరిగి ఉంటే శిబిరంలోని ఎమ్మెల్యే ఫోన్ నుంచే వీడియో బయటికి పొక్కేది, టిఫిన్ల వేళకు దానికి సినిమా పాట అతికేవారు, మధ్యాహ్నానికి బ్రహ్మానందం ముఖంతో నూరు మీమ్‌లు పుట్టుకొచ్చేవి. ఆనాడు జనం నవ్వుకోవడానికైనా మర్నాటి పొద్దుదాకా ఆగాల్సి వచ్చేది. ‘ఈనాడు’లో శ్రీధర్ గీసిన కార్టూన్ ఏమిటో చూశాకే టీకొట్టు దగ్గర అసలు చర్చ మొదలయ్యేది. నలుగురు నాలుగు పేజీలు పంచుకుని చదివే చోట ‘ఇదీ సంగతి’ ఉన్న పేజీకి గిరాకీ వేరు. అక్కడ తెలుగుదేశం అభిమానీ ఉండేవాడు, కాంగ్రెస్ కార్యకర్తా ఉండేవాడు, ఎర్రజెండా మనిషీ ఉండేవాడు. తమ నాయకుడి ముక్కును సాగదీసి గీస్తే ఒకడు మొహం ముడుచుకునేవాడు, పక్కవాడు పొట్ట పట్టుకునేవాడు. రేపు వాడి వంతు. ఒకే గీతను ఒకే బల్ల చుట్టూ కూర్చుని పరస్పర విరోధులు చూసిన రోజులవి. ఈ ముప్ఫై ఏళ్లలో మనం సంపాదించుకున్నదాన్ని కొలిచేటప్పుడు ఆ బల్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఏలినవారిని ఎగతాళి చేయడం తెలుగువారికి కొత్త విద్య కాదు. రాజమండ్రిలో 1874లో ‘వివేకవర్ధని’ పెట్టిన కందుకూరి వీరేశలింగం కోర్టుల్లో లంచాలను, ప్లీడర్ల టక్కులను ప్రహసనాలుగా రాసి బతికున్న పెద్దమనుషులను రంగస్థలం ఎక్కించారు. పానుగంటి ‘సాక్షి’ వ్యాసాల్లో జంఘాలశాస్త్రి చేత సమాజం తలంటు పోయించుకుంది. తలిశెట్టి రామారావు గీతతో తెలుగు కార్టూన్ పుట్టింది. ముళ్లపూడి వెంకటరమణ బేతాళ కథల మూసలో కొత్త రిపబ్లిక్ నాయకులను భుజాన వేసుకుని నడిపించారు. దేశం మీద చూస్తే, 1948లో మొదలైన ‘శంకర్స్ వీక్లీ’ 1975లో, ఎమర్జెన్సీ ఏటనే మూతపడింది. అదే ఏడాది డిసెంబరులో స్నానాల తొట్టిలో కూర్చుని ఆర్డినెన్సుల మీద సంతకాలు పెడుతున్న రాష్ట్రపతిని అబూ అబ్రహాం గీస్తే, సెన్సారు రోజుల్లోనూ అది అచ్చులోకి వచ్చింది. ఆ తర్వాతి తరంలో మనకు మోహన్, శేఖర్ వంటివారు వచ్చారు. వీరందరి పనిలోనూ ఒక మామూలు సంగతి ఉంది, అప్పట్లో ఎవరూ గొప్పగా పట్టించుకోనిది: బొమ్మ మూలన సంతకం. ఎవరికి కోపం వచ్చినా ఎవరి మీద రావాలో తెలిసేది. కోర్టుకు వెళ్లాలన్నా, పత్రిక ఆఫీసు ముందు ధర్నా చేయాలన్నా చిరునామా ఉండేది.

కోపం రావడమూ తక్కువేమీ కాదు. 1983 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలిలో జరిగిన గొడవకు ‘ఈనాడు’ ‘పెద్దల సభలో గలభా’ అని శీర్షిక పెట్టింది. ‘గలభా’ అనే మూడక్షరాలు పెద్దలకు గుచ్చుకున్నాయి. సభాహక్కుల ఉల్లంఘన అన్నారు, ఎడిటర్ రామోజీరావును సభకు పట్టుకు రమ్మన్నారు, వ్యవహారం సుప్రీంకోర్టు స్టేదాకా పోయింది. ఆ తర్వాత 1985లో మండలే రద్దయింది, అది వేరే కథ. 2007లో మండలి తిరిగొచ్చింది. 2017 ఏప్రిల్‌లో ‘పొలిటికల్ పంచ్’ అనే ఫేస్‌బుక్ పేజీ నడిపే వ్యక్తిని ఆంధ్రప్రదేశ్ పోలీసులు అరెస్టు చేశారు. కారణం మళ్లీ పెద్దల సభే: మండలిని అవమానిస్తూ బొమ్మ పెట్టారని ఫిర్యాదు. మొదటిసారి ఒక పెద్ద పత్రిక, దాని వెనుక వకీళ్ల దండు. రెండోసారి ఒక పేజీ, దాని వెనుక ఒక మనిషి. ముప్ఫై నాలుగేళ్ల తేడాలో పెద్దల చర్మం మందం ఏమాత్రం పెరగలేదు, ఎదుటివాడి బలం మాత్రం బాగా తగ్గింది.

కథను కొంచెం వెనక్కి తీసుకువెళితే, 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో కంప్యూటర్ అనేదే ఒక రాజకీయ చిహ్నం అయింది. ల్యాప్‌టాప్ పట్టుకున్న ముఖ్యమంత్రి మెచ్చుకోలుకూ పనికొచ్చారు, కార్టూనిస్టులకూ పనికొచ్చారు; చేలల్లో నీళ్లు లేని కరువు రైతు ముందు ల్యాప్‌టాప్ తెరిచి చూపే నాయకుడిది 2004 దాకా బాగా నడిచిన బొమ్మ. తీగ చివర కూర్చుని నిజంగా మాట్లాడుకుంటున్నవాళ్లు మాత్రం అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగు విద్యార్థులు, ఉద్యోగస్థులు. ఊళ్లో ఉప ఎన్నిక మీద డాలస్‌లో వాదులాట, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన తెలుగులో! ‘ల’ ఏదో ‘ళ’ ఏదో తెలియని ఆ రాతలో కులాల గొడవలూ ఉన్నాయి, ప్రాంతాల గొడవలూ ఉన్నాయి, అద్భుతమైన హాస్యమూ ఉంది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా, ఆ వెనకే యూనికోడ్ లిపిలో తెలుగు బ్లాగులు వచ్చాక మన అక్షరం తెర మీద మన అక్షరంలా కనబడింది. ఇవాళ ఫోన్ నోటికి దగ్గర పెట్టుకుని మాట్లాడితే తెలుగులో టైపు అయిపోతున్నప్పుడు, ఒక్క వాక్యం సరిగా పడడానికి ఆ తరం చేసిన సర్కస్ ఎవరికి గుర్తుంటుంది?

ఈ ముప్ఫై ఏళ్ల ప్రయాణంలో మనసారా గర్వపడాల్సిన మలుపు తెలంగాణ యాసది. దశాబ్దాలపాటు తెలుగు సినిమాలో ఆ యాస విలన్ పక్కన నిలబడే రౌడీకో, హీరో చేత దెబ్బలు తినే హాస్యగాడికో దక్కింది. యాసను చూసి నవ్వారు తప్ప యాసతో నవ్వించనివ్వలేదు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ధూంధాం వేదికల మీద ఆ లెక్కను తిరగరాసింది. వీ6 చానల్ ‘తీన్మార్ వార్తలు’లో బిత్తిరి సత్తి, సావిత్రి ఆ యాసలోనే ముఖ్యమంత్రులను, మంత్రులను, విద్యుత్ శాఖను, ఎండాకాలాన్ని కలిపి ఉతికి ఆరేశారు. టీవీలో పది నిమిషాలు వచ్చిన ముక్క యూట్యూబ్‌లో పది రోజులు తిరిగేది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కెమెరా పెట్టిన ‘మై విలేజ్ షో’లో గంగవ్వ మాట్లాడిన తీరు చూసి, పల్లెటూరి ముసలామె గొంతుకు ఇంత రాజకీయ పదును ఉంటుందా అని నగరం ఆశ్చర్యపోయింది. పల్లెకు ఆశ్చర్యం కలగలేదు, అక్కడ బావి గట్టు మీద రోజూ జరిగేదే అది. అధికారిక ప్రమాణ భాష చేయలేని పని యాస చేసింది: నవ్వించే హక్కు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు మార్చింది. అదే తీన్మార్ కార్యక్రమంతో పేరు తెచ్చుకున్న తీన్మార్ మల్లన్న ఆపై సొంత యూట్యూబ్ చానల్ పెట్టుకుని ప్రభుత్వాన్ని తిట్టారు, 2021లో అరెస్టయ్యారు, 2024 జూన్‌లో పట్టభద్రుల స్థానం నుంచి గెలిచి తెలంగాణ శాసనమండలిలో కూర్చున్నారు. ‘గలభా’ అన్నందుకు ఒక పత్రికను బోనెక్కించాలనుకున్న పెద్దల సభలాంటి సభలోకి, గలభాయే వృత్తిగా బతికిన మనిషి ఎన్నికై నడిచి వెళ్లారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చింది. రెండు వందల రూపాయల పైన పలికిన జీబీ డేటా పదీ పదిహేనుకు దిగివచ్చేసరికి పేపరు కొననివాడి చేతికి కూడా వీడియో వచ్చింది. మీమ్ అనేది చదువుకున్న కుర్రకారు ఆట కాస్తా అందరి మాట అయింది. తెలుగు మీమ్‌కు బ్రహ్మానందం ముఖమే వర్ణమాల. ఆ కనుబొమ్మల ఎత్తుపల్లాలతో బడ్జెట్ ప్రసంగానికి భాష్యం చెప్పవచ్చని ఆ సినిమాలు తీసినవారెవరూ ఊహించి ఉండరు. ఇందులో నిజమైన కళ ఉంది. 2019 మే 23న తెలుగుదేశానికి 23 సీట్లు వచ్చాయి. అంతకుముందు ఆ పార్టీ తీసుకున్న వైసీపీ ఎమ్మెల్యేలూ 23 మందే. ఆ అంకె మీద పడ్డ హాస్యం ఐదేళ్లు ఆగలేదు, విజేత జగన్మోహన్ రెడ్డే దాన్ని సభలో ఎత్తుకున్నారు. ‘వై నాట్ 175’ అన్న పార్టీకి 2024లో 11 సీట్లు వచ్చాక లెక్క తిరగబడింది: 151లో నడిమి అయిదును తీసేస్తే మిగిలేది ఎంత? ఒక్క తిట్టు లేదు, ఎవరి ఇంటి ఆడవారి ప్రస్తావనా లేదు, కులం లేదు, రంగు లేదు. ఓటరు ఇచ్చిన అంకెను ఓటరే తిప్పి చూపించాడు. ఏ గొప్ప కార్టూనిస్టైనా అసూయపడాల్సిన క్లుప్తత అది. దాన్ని మొదట ఎవరు పెట్టారో మాత్రం ఎవరికీ తెలియదు.

నెట్టింటి నవ్వు చేసిన మేలుకు మంచి ఉదాహరణ కొల్లాపూర్‌ది. డిగ్రీలు ఎన్ని చదివినా నౌకరీ రాలేదని, అందుకే బర్రెలు కొనుక్కుని కాసుకుంటున్నానని కర్నె శిరీష అనే యువతి తీసిన చిన్న వీడియో రాష్ట్రమంతా తిరిగింది. గట్టు మీద బర్రెలు, ముందు ఫోను, మొహంలో చిరునవ్వు, మాటలో చురక, అంతే సరంజామా. సర్కారును బదనాం చేస్తోందని ఆమె మీద కేసు పెట్టారు. జనం ‘బర్రెలక్క’ అన్నారు. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో ఆమె స్వతంత్ర అభ్యర్థిగా నిలబడితే, ప్రచారంలో ఆమె తమ్ముడి మీద దాడి జరిగింది, భద్రత ఇవ్వమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. గెలవలేదు, అయిదు వేల పైచిలుకు ఓట్లు పడ్డాయి. డబ్బు లేదు, జెండా లేదు, కులపెద్దల దీవెన లేదు. ఇటలీలో బెప్పె గ్రిల్లో 2005లో బ్లాగు మొదలుపెట్టి పార్టీదాకా వెళ్లాడు, ఉక్రెయిన్‌లో సీరియల్లో అధ్యక్షుడి వేషం వేసిన జెలెన్‌స్కీ 2019లో నిజంగానే అధ్యక్షుడయ్యాడు. వాళ్లిద్దరూ అప్పటికే పేరున్న నటులు, హాస్యగాళ్లు. నాగర్‌కర్నూల్ జిల్లాలో బర్రెలు కాసుకునే ఆడపిల్ల ఒక జోకు పట్టుకుని నామినేషన్ కేంద్రందాకా నడవడం అంతకంటే దూరపు నడక.

ఇంత మంచి జరుగుతుంటే కలత ఎందుకంటే, నవ్వుకు ఫ్యాక్టరీలు లేచాయి గనుక. పార్టీ ఆఫీసుల్లో పై అంతస్తు ఇప్పుడు కార్యకర్తలది కాదు, కంప్యూటర్ల ముందు కూర్చున్న జీతగాళ్లది. తమలో తాము వాళ్లు పోస్టు, రీల్, ట్రెండ్, రీచ్ అని మాట్లాడుకుంటారు. బయట జనం వాళ్లను ‘పేటీఎం బ్యాచ్’ అంటారు. ఒక నాయకుడి నాలుక తడబడిన మూడు సెకన్ల ముక్కను కోసి, నత్తి జోడించి, సంగీతం అతికించి, పొద్దున్నే గ్రూపుల్లోకి వదలడం ఉద్యోగం. సాయంత్రానికి అవతలి పార్టీ ఆఫీసులో అవతలి జీతగాళ్లు జవాబు వండుతారు. 2019 మార్చిలో తెలుగుదేశం ‘సేవామిత్ర’ యాప్‌కు పనిచేసిన ఐటీ గ్రిడ్స్ సంస్థ మీద ఓటర్ల వివరాలు వాడుకున్నారన్న ఆరోపణతో హైదరాబాద్‌లో కేసు పడినప్పుడు, అది రెండు రాష్ట్రాల పోలీసుల తగవుగా మారింది. ఆరోపణలో నిజం ఎంతన్నది పక్కన పెడితే, మన ఇంటి నంబరు, మన పథకాల జాబితా, మన మొగ్గు ఎటో చెప్పే లెక్క ఎక్కడో ఉందన్న ఎరుక సామాన్యుడికి కలిగింది ఆనాడే. తనకు ఏ జోకు వస్తుందో, పక్కింటికి ఏ జోకు పోతుందో వేరే ఎవరో ముందే నిర్ణయిస్తున్నారు. టీకొట్టు బల్ల అక్కడ విరిగింది. ఎవరి గ్రూపు వారిది, ఎవరి నవ్వు వారిది. తమవాడి మీద పేలిన మంచి జోకు తమదాకా రాదు, వస్తే అది జోకులా రాదు, శత్రువు దాడి అన్న ముద్రతో వస్తుంది.

ఆ ఫ్యాక్టరీల్లో తయారైన సరుకులో ఎక్కువ పాలు హాస్యమే కాదు. విధానం మీద విసురు నాలుగు రోజుల్లో చప్పబడుతుంది, అందుకని మనిషి ఒళ్లు, రంగు, నత్తి, తర్వాత భార్య, తల్లి, కూతురు. ముఖాలు మార్చిన ఫొటోలు. వైఎస్ షర్మిల తన మీద వస్తున్న అసభ్య పోస్టులపై ఫిర్యాదు చేశారు; పవన్ కల్యాణ్ 2024 నవంబరులో పిఠాపురంలో తమ సొంత ప్రభుత్వ హోంమంత్రినే ఈ విషయంలో నిలదీశారు. రాజకీయాల్లోకి రావాలనుకునే ఆడపిల్ల తండ్రి ముందుగా అడిగే ప్రశ్న ఇప్పుడు ‘నెట్టింట ఏమంటారో’ అన్నదే అయితే, ప్రజాస్వామ్యానికి ఈ తీగ ఇచ్చినది ఎంత, తీసుకున్నది ఎంత అన్న లెక్క తేలలేదనే చెప్పాలి.

ఈ మురికిని కడిగే పేరుతో ప్రభుత్వాలు చేసిందేమిటో చూద్దాం. ఐటీ చట్టానికి 2008లో చేర్చిన 66ఏ సెక్షన్ ‘చికాకు కలిగించే’ సందేశాన్ని కూడా నేరం చేసింది. ఏలినవారికి చికాకు కలిగించని వ్యంగ్యం ఉంటుందా! 2012లో మమతా బెనర్జీ మీద కార్టూన్‌ను మెయిల్లో పంపినందుకు జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అంబికేశ్ మహాపాత్ర అరెస్టయ్యారు; ఆయన పూర్తిగా బయటపడేసరికి 2023 వచ్చింది. జోకు చదవడానికి పట్టింది పది సెకన్లు, కేసు నడిచింది దాదాపు పదకొండేళ్లు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. తీర్పు చెప్పిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు కృష్ణా జిల్లా నుంచి వెళ్లిన జాస్తి చలమేశ్వర్ అన్నది తెలుగువారు గర్వంగా చెప్పుకోవచ్చు. అయితే కొట్టేసిన సెక్షన్ కింద ఠాణాల్లో ఇంకా కేసులు రాస్తున్నారని తెలిసి 2021లో అదే కోర్టు విస్తుపోయింది. సెక్షన్ చచ్చినా అలవాటు చావలేదు.

తెలుగు రాష్ట్రాల్లో ఈ అలవాటుకు పార్టీ భేదం లేదు. తెలుగుదేశం పాలనలో ‘పొలిటికల్ పంచ్’ అరెస్టు. వైసీపీ పాలనలో 2020లో విశాఖ ఎల్జీ పాలిమర్స్ విషవాయువు దుర్ఘటన మీద ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు పంచుకున్నందుకు గుంటూరులో ఒక పెద్దావిడకు సీఐడీ నోటీసు. తెలుగుదేశం కూటమి వచ్చాక 2024 నవంబరులో వరుస అరెస్టులు. కొన్ని కేసుల్లో ముఠా నేరాల కోసం ఉద్దేశించిన సెక్షన్లు. అందులో నిజంగా అశ్లీలం రాసినవారూ ఉన్నారు, వట్టి వెక్కిరింపు రాసినవారూ ఉన్నారు, ఇద్దరినీ ఒకే వ్యానులో ఎక్కించారు. ప్రతిపక్షంలో ఉండగా భావప్రకటన స్వేచ్ఛ మీద ప్రెస్‌మీట్ పెట్టని పార్టీ లేదు, అధికారంలోకి వచ్చాక సైబర్ క్రైమ్ సెల్‌కు ఫోన్ చేయని పార్టీ లేదు. దీనికి భిన్నంగా జరిగిన సందర్భం ఒకటి రాసుకోవాలి. చెప్పని జోకుకు ఇండోర్‌లో నెలకు పైగా జైల్లో ఉన్న మునావర్ ఫారూఖీ 2022 ఆగస్టులో హైదరాబాద్ శిల్పకళావేదికలో ప్రదర్శన ఇచ్చాడు. బెదిరింపులు వచ్చినా పోలీసులు వేదిక చుట్టూ కాపలా కాశారు, షో జరిగింది. ఖాకీలు నవ్వును ఆపడానికే కాకుండా కాపాడడానికీ పనికొస్తారని ఆ సాయంత్రం రుజువైంది. 2025 మార్చిలో ముంబైలో కునాల్ కామ్రా ఏక్‌నాథ్ శిందే మీద పేల్చిన జోకుకు ఆ క్లబ్బునే ధ్వంసం చేసినప్పుడు ఆ తేడా మరింత కొట్టొచ్చినట్టు కనబడింది.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి గీతకూ ఫొటోకూ మధ్యనున్న గట్టు తెంచింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీద 2025 వసంతంలో జరిగిన రగడ అందుకు పాఠం. బుల్డోజర్లు నిజం, కూలిన చెట్లు నిజం, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించడమూ నిజం. వాటి మధ్య కన్నీరు కారుస్తున్న జింకలు, పరుగెత్తే నెమళ్లు కొన్ని యంత్రం పుట్టించినవి. వాటిని ఫొటోలే అనుకుని పంచుకున్నవారు మోసపోయారు, ఆ మోసాన్ని ప్రభుత్వం ఎత్తి చూపడంలో తప్పు లేదు. ఐతే అదే ఊపులో ఐఏఎస్ అధికారిణి స్మితా సభర్వాల్‌కు కూడా పోలీసు నోటీసు వెళ్లింది. ఆమె తిరిగి పంచుకున్నది జిబ్లీ శైలి బొమ్మ. పుట్టగొడుగు ఆకారపు బండరాయి, దాని ముందు బుల్డోజర్లు, పక్కన జింక, నెమలి. జపాన్ కార్టూన్ సినిమాలోని రంగులు. చూడగానే బొమ్మ అని పసిపిల్లలకు కూడా తెలుస్తుంది. పంచుకున్న మిగతా రెండు వేల మందికీ నోటీసులు ఇచ్చారా అని ఆమె అడిగారు. ఫొటోలా నమ్మించేది అబద్ధం, బొమ్మలా కనిపించేది వ్యాఖ్య. ఈ తేడా తెలియని పోలీసింగు చేతిలో అబూ అబ్రహాం స్నానాల తొట్టి కూడా ‘ఫేక్ కంటెంట్’ అవుతుంది.

నిజంగా పట్టుకోవాల్సిన సరుకు లేకపోలేదు. తెలంగాణలో జరిగిన బహిరంగ సభలో అమిత్ షా ముస్లిం రిజర్వేషన్ల గురించి అన్న మాటలను కత్తిరించి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్లే ఎత్తేస్తామన్నట్టు చేసిన వీడియో 2024 ఎన్నికల నడుమ తిరిగింది; తెలంగాణ కాంగ్రెస్ సోషల్ మీడియా బృందంలో కొందరిని అరెస్టు చేశారు, ఢిల్లీ పోలీసులు రేవంత్ రెడ్డికే నోటీసు పంపారు. ఆ వీడియోలో నవ్వు లేదు, నమ్మించే ఉద్దేశమే ఉంది. ఆ ఏడాది మే నెలలో వేదిక మీద తాను నాట్యం చేస్తున్నట్టు కల్పించిన వీడియో చూసి తానూ ఆనందించానని మోదీ రాశారు. అలాంటిదే మమత మీద వస్తే కోల్‌కతా పోలీసులు నోటీసు ఇచ్చారు. నవ్వాలా, కేసు పెట్టాలా అన్నది నాయకుడి ఆ పూట మనోస్థితిని బట్టి ఉంటే అది చట్టం అనిపించుకోదు. ప్రధాని హర్షించిన వీడియోకు ఉన్న రక్షణ, ఆయన హర్షించని వీడియోకూ ఉండాలి.

కోర్టులు కొంత దారి చూపాయి. ప్రభుత్వమే తన గురించిన వార్తల్లో నిజానిజాలు తేల్చే ఫ్యాక్ట్‌చెక్ విభాగం నిబంధనను 2024 సెప్టెంబరులో బాంబే హైకోర్టు కొట్టేసింది. మాటకు సంబంధించిన ఫిర్యాదుల్లో, మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలైతే, ఎఫ్ఐఆర్‌కు ముందే ప్రాథమిక విచారణ జరపడం మంచిదని 2025 మార్చిలో ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సోషల్ మీడియా పోస్టుల కేసుల్లో యాంత్రికంగా రిమాండ్ విధించవద్దని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జులైలో మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది. మిగిలిన పని ఠాణాలది, పార్టీలది. అభ్యర్థులు తమ సోషల్ మీడియా ఖాతాలు చెప్పాలని, ఆ ఖర్చు ఎన్నికల లెక్కలో చూపాలని ఎన్నికల సంఘం 2013లోనే ఆదేశించింది. అధికారిక ఖాతాల లెక్క వస్తోంది. ‘అభిమానుల’ పేరుతో నడిచే పేజీల ఖర్చు ఏ లెక్కలోనూ రాదు. నవ్వుల ఫ్యాక్టరీల్లో అసలు ఉత్పత్తి జరిగేది అక్కడే. జీతాలు ఇచ్చేది ఎవరో తెలిస్తే సంతకం లేని బొమ్మకు సగం సంతకం చేసినట్టే. సొంత ఖర్చుతో, సొంత కడుపుమంటతో ఫోన్ ముందు కూర్చుని చురక వేసే మనిషికీ, నెలజీతానికి బూతు రాసే మనిషికీ తేడా అప్పుడు బయటపడుతుంది. ఆ తేడా బయటపడడం ఏ పార్టీకీ ఇష్టం లేదు.

తెలంగాణ పంచాయతీల పదవీకాలం 2024 ఫిబ్రవరితోనే ముగిస్తే, ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరిలో గెలిచిన సర్పంచుల గడువు 2026 దాకానే. ప్రతి ఊళ్లో రెండు మూడు వాట్సాప్ గ్రూపులు, ప్రతి గ్రూపులో ఫోన్ యాప్‌తో పాటలు, వీడియోలు చేయగల కుర్రాళ్లు ఉన్న స్థానిక ఎన్నికల కాలం ఇది. సర్పంచ్ అభ్యర్థి గొంతుతో ఆయన అనని మాట పుట్టించవచ్చు, మురుగు కాలువలో ఆయన పడవ నడుపుతున్నట్టు బొమ్మ చేయవచ్చు. మొదటిదానికి కేసు పెట్టాలి, రెండోదాన్ని చూసి ఆయన కాలువ తవ్వించాలి. ఈ వివేచన మండల ఎస్సైకి నేర్పే శిక్షణ రెండు రాష్ట్రాల పోలీసు శాఖలు తదుపరి ఎన్నికల నోటిఫికేషన్ల లోపు మొదలుపెట్టాలి. అభిమాన పేజీల ఖర్చును అభ్యర్థి ఖాతాలో కలిపే నిబంధనను ఎన్నికల సంఘాలు ఆ ఎన్నికల నుంచే తేవాలి.